ఏడు బావుల ఆటోను ఆసుపత్రికి మళ్లించిన రోజు

కుక్క కరిచిన మనిషిని పసరు దగ్గరికో, బావుల దగ్గరికో బయలుదేరదీస్తున్న వాళ్లుంటే, ముందు నా ప్రయాణం సంగతి వినండి. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఒక్క మాట మెత్తబరిచినా ఊరుకోనని ముందే చెప్పాను. తెనాలిలో దాని ఇంట్లో ఉండగా, పొద్దున్నే రేపల్లె నుంచి మా చెల్లెలు సుబ్బులు ఫోన్ చేసింది. ముందురోజు సాయంత్రం వీధిలో కుక్కపిల్లకు పెరుగన్నం పెడుతుంటే పిక్క పట్టుకుందట, రక్తం కూడా వచ్చిందట.

"పిల్లది అక్కా, పాలపళ్లు. గాయానికి కారం అద్దాన్లే. ఇవాళ ఆటో మాట్లాడుకుని ఏడు బావులు చూసొస్తా" అంది.

కుక్క కరిస్తే ఏడు బావుల్లోకి తొంగిచూడాలని, అప్పుడు విషం దిగిపోతుందని మా ఇళ్లలో పెద్దవాళ్లకు ఒక నమ్మకం. "నేనొచ్చేదాకా గడప దాటావో, ఈసారి కరిచేది నేనే" అని ఫోన్ పెట్టేశాను.

తెనాలి నుంచి రేపల్లెకు పాసింజరు ఉంది. టిక్కెట్టుకు పెద్ద ఖర్చేమీ కాదు, గంటన్నర లోపే దింపేస్తుంది. కిటికీ పక్కన చోటు దొరికింది. వేమూరు దాటాక రెండువైపులా పచ్చటి చేలు, కొంగలు. మరోరోజైతే ఆనందంగా చూసేదాన్ని. ఆ రోజు మాత్రం బాపట్లలో మా వీధిలో పిండిమర నడిపినతను కళ్లముందు మెదులుతూనే ఉన్నాడు. కుక్క కరిస్తే పసరు తాగి పత్యం చేశాడు, గాయం మానిపోయింది. కొన్ని నెలల తర్వాత ఒకరోజు గ్లాసుతో మంచినీళ్లు ఇస్తే ఆ నీళ్లు చూసే వణికిపోయాడు. ఆ జబ్బు బయటపడ్డాక బతికించే మందు లేదని డాక్టర్లే చేతులెత్తేశారు. సుబ్బులు నాకు మిగిలిన ఒక్కగానొక్క తోబుట్టువు.

స్టేషన్లో దిగి ఇంటికి వెళ్లేసరికి గుమ్మం ముందు ఆటో సిద్ధంగా ఉంది. డ్రైవరు తల గోక్కుంటున్నాడు. "ఏడు బావులంటే ఎక్కడ తెచ్చేది మామ్మగారూ? అన్నీ పూడ్చేసి బోర్లు వేశారు. నాకు తెలిసినవి మూడే."

"అయితే ఆ మూడింట్లోనే ఏడుసార్లు చూస్తా" అంది మా సుబ్బులు లోపల్నుంచి.

ముందు దాన్ని కుళాయి కింద కూర్చోబెట్టి, బట్టల సబ్బుతో పావుగంటసేపు గాయం కడిగాను. "ఓయమ్మో, కారం మంటే! చంపేస్తున్నావే అక్కా!" అని వీధి వినేలా అరిచింది. "కారం అద్దినప్పుడు లేని మంట ఇప్పుడొచ్చిందా?" అని నీళ్లు ఇంకా ఎక్కువగా వదిలాను. ఆటో ఎక్కాక డ్రైవరుతో, "సర్కారు ఆసుపత్రికి పోనీ నాయనా, బావులు తర్వాత" అన్నాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. సుబ్బులు నా చెయ్యి పట్టుకుని, "బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు నేను పొడిపించుకోలేనే" అంది. చిన్నప్పుడు పక్కింటాయనకు అలా పొడవడం ఇద్దరం చూశాం. దాని భయమంతా కుక్కంటే కాదు, సూదంటే!

ఆసుపత్రిలో నర్సమ్మ పకపకా నవ్వింది. "ఆ సూదులు ఎప్పుడో పోయాయి మామ్మా! ఇప్పుడు చేతికే. ఇవాళ్టితో కలిపి నాలుగుసార్లు రావాలి, ఒక్కటీ మానకూడదు." రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇంకో మందు కూడా ఎక్కించారు. అది కాస్త నొప్పే, దాచను. డబ్బు మాత్రం అడగలేదు. పిల్లకుక్క అయినా సరే, రేబిస్ రావచ్చని, దాన్ని పది రోజులు కనిపెట్టి ఉండమని, అలాగని మన సూదులు ఆపకూడదని డాక్టరుగారు చెప్పారు.

బయటికి రాగానే సుబ్బులు, "ఇంతేనా? దీనికా నేను రాత్రంతా ఏడ్చింది!" అని డ్రైవరు వైపు తిరిగి, "పద నాయనా, బావులు చూద్దాం. ఆటో ఎలాగూ మాట్లాడుకున్నాంగా" అంది.

కాదనలేకపోయాను. మొదటి బావి నిండా చెత్త, రెండోదాని మీద ఇనప జాలీ. మూడోది ఊరి చివర నిమ్మతోటలో, నీళ్లతో నిండుగా ఉంది. ఇద్దరం గట్టు పట్టుకుని వంగాం.

"ఏం కనిపిస్తోందే?"

"రెండు ముసలి కోతులు" అంది. డ్రైవరు నవ్వు ఆపుకోలేక పక్కకు వెళ్లిపోయాడు.

తోటలో ఆవిడ చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది. సుబ్బులు చెంబెత్తి గటగటా తాగింది, గడ్డం మీదుగా కారుతున్నా ఆగలేదు. నేను ఆ గొంతు కదలడమే చూస్తూ నిలబడ్డాను. సాయంత్రం చెరుకుపల్లి మీదుగా బాపట్ల బస్సెక్కాక కూడా ఆ చప్పుడే చెవుల్లో ఉంది.

నాలుగు సూదులూ అయ్యాయి. కుక్కపిల్ల బంగారంలా ఉంది. సుబ్బులు దాన్ని కూడా పశువుల ఆసుపత్రికి అదే ఆటోలో తీసుకెళ్లి టీకా వేయించింది, ఏటా వేయిస్తుందట. బావులు చూడాలని ఉంటే చూడండి, నేను అడ్డం రాను. కానీ ముందు గాయాన్ని సబ్బుతో పావుగంట కడగండి, ఆటో ఎక్కగానే మొదట చెప్పాల్సిన చోటు ఆసుపత్రి అని గుర్తుంచుకోండి.