బిందెలో ఫొటో కాగితం

డెబ్బైలలో నాకు బందరులో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. ఎవరి దగ్గరా శిష్యరికం చేయకుండా, డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని పని నేర్చుకున్నవాణ్ణి. ఒక మే నెలలో పెళ్లివారి ఫొటోలు మర్నాటికల్లా ఇవ్వాల్సి వచ్చి, బెజవాడ వెళ్లి కాగితం కొన్నాను. ఎండ వేడికి ఆ కాగితం మసకబారి పాడైపోతుంది. అందుకని ప్యాకెట్లను ఇత్తడి బిందెలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, చుట్టూ తడిగోనె చుట్టి పాసింజరు బండెక్కాను. ఈ ఉపాయం చదువుకున్నవాళ్లలో ఒక్కడికైనా తట్టిందా?

ఎదురుగా కూర్చున్న మామ్మ గ్లాసు చాపింది.

"కాసిని మంచినీళ్లు పొయ్యి బాబూ."

"ఇందులో చుక్క నీళ్లు లేవండీ మామ్మగారూ."

"గోనెకి పొయ్యటానికున్నాయి గానీ మనిషికి లేవు కామోసు" అంది, రైలు పెట్టెలో అందరికీ వినపడేలా.

అవమానం దిగమింగి కునుకు తీశాను. గుడివాడ దాటాక లేచి బిందె జరపబోతే బరువుకి కదల్లేదు.

"నిజంగా ఖాళీ బిందే నాయనా, ఊరికే మాటన్నాను" అంది మామ్మ జాలిగా. "గుడివాడ కుళాయి దగ్గర నింపించాను. గుడ్డ విప్పలేదులే, వడగట్టినట్టుంటుందని దాని మీదే పోయించా."

పెళ్లివారు నన్ను అనని మాట లేదు. కానీ ఆ కాగితానికి వేడి తగిలిందని ఒక్కణ్ణి చెప్పమనండి.