గాజుల బండి ఆగిన చోట

నసీమున్నీసా స్టీరింగ్ పట్టుకునే నాటికి ఆమెకు నలభై ఆరేళ్లు. అంతవరకూ ఆమె తిరిగిన దూరాలన్నీ దాచేపల్లిలోనివే. ఇంటి నుంచి బోరింగుకి, బోరింగు నుంచి రేషను కొట్టుకి. సంతలూ తిరనాళ్లూ తిరిగినవాడు ఆమె మొగుడు మాలిక్. పాత ఓమ్ని వ్యానుకి వెనక సీటు పీకేసి, గాజుల పెట్టెలు పేర్చుకుని, పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాడు. పల్నాటి ఊళ్లలో అతన్ని గాజుల సాయిబు అన్నవాళ్లకంటే మాటల సాయిబు అన్నవాళ్లే ఎక్కువ. గాజు ఎక్కించేటప్పుడు నొప్పి తెలియకుండా ఆడవాళ్లకి ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడట.

ఉండేవాడట, అంతే. ఆమె చెవులతో విన్నది లేదు. ఇల్లు చేరేసరికి మాలిక్ గొంతు బొంగురుపోయి ఉండేది. అన్నం తినేవాడు, చెయ్యి కడుక్కునేవాడు, పడుకునేవాడు. “ఇవాళ ఏ ఊరెళ్లారు?” అంటే ఊరి పేరు చెప్పేవాడు. “ఏంటి సంగతులు?” అంటే “ఏముంటై” అనేవాడు. ఊరందరికీ మాటలు పంచిపెట్టి ఇంటికి ఖాళీ నోటితో వస్తాడని ఆమెకు లోపల్లోపల ఉక్రోషంగా ఉండేది. వయసు మళ్లి తిరుగుడు తగ్గితే అప్పుడు తీరిగ్గా మాట్లాడతాడులే అని సర్దుకునేది. ఆ వయసు రాకముందే పక్షవాతం వచ్చింది.

కుడిచెయ్యి పడిపోయింది. కాలు కాస్త తేరుకుని కర్ర సాయంతో నడుస్తున్నాడు. మాట మాత్రం పోయింది. పోతే పోయింది, ఒక్క ముక్క ఎందుకు మిగిలిందో దేవుడికే తెలియాలి. ‘అదే.’ ఆకలేస్తే అదే, నిద్రొస్తే అదే, కోపం వస్తే మరీ గట్టిగా అదే. ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నది మాత్రం నాలుక మీదికి వచ్చేసరికి ఆ ఒక్క మాటగా మారిపోతుంది.

వ్యాను అమ్మేయమన్నారు బంధువులు. ఆమె వినలేదు. తమ్ముడు ముదస్సిర్ వెంటపడి, ఊరి బయట రాళ్ల నేలలో డ్రైవింగ్ నేర్చుకుంది. లైసెన్సు రాగానే మాలిక్‌ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఊళ్లమీద పడింది. అమ్మకం అంతంత మాత్రం. గాజులు అవే, బండి అదే అయినా మాటలు లేకపోతే బేరం ఎందుకు పలచబడుతుందో ఆమెకు తిరుగుతూ తిరుగుతూ తెలిసొచ్చింది.

ఆ రోజు కారెంపూడి సంతకి పోతున్నారు. రెండు పక్కలా పత్తి విచ్చి తెల్లగా ఉంది. ముందు పత్తి బస్తాల ట్రాక్టరు ఒకటి రోడ్డంతా తనదే అన్నట్టు వెళుతోంది. కుక్క అడ్డమొచ్చిందో ఏమో, ఉన్నట్టుండి ఆగింది. నసీమున్నీసా బ్రేకు తొక్కింది కానీ బండి పూర్తిగా నిలవలేదు. ట్రాక్టరు లాగుతున్న ట్రక్కు వెనకున్న ఇనుప కొక్కెం వ్యాను మూతిలో దిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. ట్రాక్టరువాడు చూసుకోకుండానే ముందుకు కదిలి వెళ్లిపోయాడు.

“అదే! అదే!” మాలిక్ ఎడమచేత్తో డాష్‌బోర్డు మీద బాదాడు.

“ఏం కాలేదు, ఊరుకోండి,” అంటూ ఆమె గేరు వేయబోయింది. అతను ఇంకా గట్టిగా బాదాడు. అప్పుడు చూసింది, ముందు నుంచి ఆవిరి లేస్తోంది. తాళం తిప్పి ఇంజను ఆపేసింది.

దిగి చూస్తే ముందు రేకు చీలి, లోపలి రేడియేటర్ బయటపడి ఉంది. అందులోంచి నీళ్లు బొటబొటా కారి, నల్లరేగడి మట్టిలో ఇంకిపోతున్నాయి. పిడుగురాళ్ల మెకానిక్ అయూబ్‌కి ఫోన్ చేసింది.

“చిల్లు పడిందంటే కొత్తది వేసుకోవడం మంచిదక్కా,” అన్నాడు అయూబ్. “పాతది కావాలంటే వెతకాలి, ఎప్పుడు దొరుకుద్దో చెప్పలేను. ముందు బండిని నా దగ్గరికి లాగించు. నీళ్లు లేకుండా మాత్రం నడపబాకు, ఇంజనే పోద్ది.”

కొత్తది వేయించాలంటే ఈ నెల మాలిక్ మందులు ఆపాలి. లాగించడానికి ఇంకో ఖర్చు. ఆమె ఫోను కొంగులో చుట్టి బొడ్లో దోపుకుని, ఏం చేయాలో తోచక రోడ్డు పక్కన నిలబడింది.

మాలిక్ కిటికీలోంచి వేలు చూపిస్తున్నాడు. “అదే.”

నీళ్ల సీసా తెచ్చింది. తల అడ్డంగా ఊపాడు. “అదే.” స్పానర్ల సంచి తెచ్చింది. సంచిలోకి చూసి, రేడియేటర్ వైపు చూసి, వేళ్లు కలిపి విడదీసి ఏదో చూపించాడు. ఆమెకు అర్థం కాలేదు. గుడ్డముక్క తెచ్చింది. “అదే! అదే!” అని సీటు మీద కొట్టాడు.

ఆమెలో ఏదో పుటుక్కున తెగింది.

“ఏంటయ్యా అదే? ఏంటి అదే?” రోడ్డు మీద నిలబడి అరిచింది. “ఊరూరా తిరిగి అందరికీ చెప్పావే మాటలు! నాకు మిగిల్చింది ఈ ఒక్కటేనా? పాతికేళ్లు పక్కన కూర్చున్నానే! ఒక్క మాట చెప్పు. తిట్టు, పోనీ. తిట్టినా వింటాను!”

చేలో పత్తి తీస్తున్న ఆడవాళ్లు నడుములు ఎత్తి చూశారు. నసీమున్నీసా ముఖం తిప్పుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. వెనకాల తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మాలిక్ తనంతట తనే దిగుతున్నాడు. కర్ర ఊతంతో బండి ముందుకి వచ్చి, మెల్లగా మట్టిలో చతికిలబడి, ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఆమె చీర అంచు పట్టుకుని గట్టిగా నొక్కాడు. తర్వాత ఆ వేళ్లతోనే రేడియేటర్‌లో చిరిగిన గొట్టాలు చూపించాడు.

“నొక్కి మూసెయ్యాలా?” అంది.

అతను కళ్లు మూసి తెరిచాడు.

ఇద్దరూ పని మొదలుపెట్టారు. రేడియేటర్‌లో వరసగా ఉన్న సన్నటి గొట్టాల్లో కొక్కెం తగిలి చిరిగినవి రెండే. చుట్టూ ఉన్న రేకు మడతలు పీకేసి, ఆ రెండింటినీ కత్తిరించి, కొసలు వెనక్కి మడిచి పటకారుతో అణచాలి. పక్క గొట్టానికి తగలకుండా అతను ఎడమచేత్తో కొస పట్టుకుంటే ఆమె కుడిచేత్తో పటకారు నొక్కింది. ఒకసారి జారి అతని వేలు గీరుకుంది. చెయ్యి వెనక్కి తీసుకోలేదతను.

ఈలోగా పత్తి చేను గలామె గట్టు దిగి వచ్చింది. పేరు కోటిరత్నం. వస్తూనే మాలిక్‌ని ఆనవాలు పట్టింది.

“మన మాటల సాయిబు కదూ! ఏం సాయిబన్నా, మా ఊరు మర్చిపోయావా?” అని, అతని వాలిపోయిన చెయ్యీ పెదవీ చూసి ఆగిపోయింది. “అయ్యో, ఎప్పుడు జరిగిందమ్మా?”

నసీమున్నీసా నాలుగు ముక్కల్లో చెప్పింది. కోటిరత్నం వెనక్కి తిరిగి, “ఒసే రెబ్కా! బండేసుకుని కొట్టు కాడికి పో. చిల్లులు పూడ్చే ముద్ద, ఎం-సీల్ అని ఉంటది, తే. వచ్చేప్పుడు బోరు కాడ బిందె నింపుకురా,” అని కేకేసింది. రెబ్కా అన్న పిల్ల పత్తి సంచి అక్కడే వదిలేసి, గట్టు మీదున్న మోపెడ్ ఎక్కి వెళ్లింది.

ఎం-సీల్ వచ్చింది. రెండు ముద్దలూ కలిపి పిసికి, మూసిన కొసల మీద మెత్తింది నసీమున్నీసా. అది గట్టిపడేదాకా ఆగాలి. కూలీలకు అన్నాల వేళయింది. అందరూ వ్యాను నీడలోకి వచ్చి కూర్చుని క్యారేజీలు విప్పారు. పత్తి తీసే చేతులకి గాజులు అడ్డం కాబట్టి ఎవరికీ ముంజేతుల మీద ఒక్కటీ లేదు. ఆకుల గీతలు మాత్రం ఉన్నాయి. ఇంటికెళ్లి వేసుకుంటామంటూ గాజుల పెట్టెలు తెరిపించారు.

“సాయిబన్న ఉంటే ఇప్పటికి రెండు కథలు చెప్పుండేవాడు,” అంది ఒకామె.

“నాకు పెళ్లిగాజులు ఈయనే ఎక్కించాడు,” అంది రెబ్కా. “నేను ఏడుస్తుంటే, ‘అమ్మాయ్, గాజు ఎక్కేటప్పుడే నొప్పి, ఎక్కాక చప్పుడే. అత్తారిల్లూ అంతే’ అన్నాడు. నవ్వొచ్చింది నాకు.”

నసీమున్నీసా చేతిలోని గాజుల డజను అలాగే ఆగిపోయింది. “అలా అన్నాడా?”

“ఇంకా చాలా అనేవాడు. మా ఇంట్లో ఒక మిరపకాయ ఉంది, కల్లంలో ఎండకుండానే ఘాటెక్కింది అనేవాడు నీ గురించి.”

అందరూ నవ్వారు. నసీమున్నీసా కూడా నవ్వింది. కోటిరత్నం మాత్రం నవ్వలేదు. అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని ఏదో గుర్తు తెచ్చుకుంటోంది.

“ఒకసారి సాయంత్రం మా అరుగు మీద మంచినీళ్లు తాగుతూ అన్నాడమ్మా,” అంది నెమ్మదిగా. “ఇంటికెళ్తే మా ఆవిడ ఏదన్నా చెప్తానేమోనని మొహంలోకే చూస్తా కూచుంటదక్కా, అప్పటికి నా గొంతులో తడుండదు. ఎప్పుడో ఒకనాడు బేరం మానుకుని, పొద్దు పొడిచిన కాడ్నించి పొద్దు గుంకే దాకా ఆమెతోనే మాట్లాడాలి, అన్నాడు. నువ్వొచ్చావు కాబట్టి చెప్తున్నా.”

నసీమున్నీసా వ్యాను ముందుకి చూసింది. మాలిక్ అటు తిరిగి కూర్చుని, గట్టిపడిందో లేదోనని ఎడమ బొటనవేలితో ఎం-సీల్‌ని తడుముతున్నాడు. విన్నాడని ఆమెకు తెలుసు. అతని మెడ మీద నరం కదులుతోంది.

అమ్ముడైన గాజులు సర్ది, బిందెలో నీళ్లు రేడియేటర్‌లో పోసి, బండి కదిలించింది. కారుతుందేమోనని దిగి చూసింది. చెమ్మ లేదు. సంత వేళ దాటిపోయింది కాబట్టి ఇంటి దారే పట్టింది. ఇంజను వేడి చూపే సూది పైకి పోకుండా నిదానంగా, మధ్యమధ్య ఆగి చూసుకుంటూ నడిపింది.

“నిజంగానే అన్నారా ఆ మాట?” అని అడిగింది దారిలో.

మాలిక్ పెదవులు కదిలాయి. ఏమీ రాలేదు. ఎప్పుడూ వచ్చే ఆ ఒక్క ముక్క కూడా రాలేదు.

మర్నాడు అయూబ్ వంగి చూసి, “రెండు గొట్టాలు పోయినా మిగతావి లాగుతాయి. ఎండలు ముదిరేదాకా ఢోకా లేదక్కా, నీళ్లు మాత్రం రోజూ చూసుకో,” అన్నాడు. మిరపకోతలు అయిపోయే వేళకి ఎక్కడో తుక్కుకి పోయిన వ్యానులోంచి మంచి రేడియేటర్ ఒకటి సంపాదించి బిగించాడు. మందులు ఆపాల్సిన అవసరం రాలేదు.

అప్పటినుంచి నసీమున్నీసా మాలిక్ తిరిగిన ఊళ్లన్నీ వెతుక్కుంటూ పోతోంది. గాజులు ఎక్కిస్తూ, “మా ఆయన మీతో ఏం చెప్పేవాడు?” అని అడుగుతుంది. ఒక ఊళ్లో ఒక సామెత దొరుకుతుంది, ఒక ఊళ్లో సగం కథ దొరుకుతుంది. చాలామందికి నవ్విన సంగతే గుర్తుంటుంది కానీ ఎందుకు నవ్వారో గుర్తుండదు. ఒక ముసలమ్మ అయితే, “మాటలా? నా దగ్గర గీచిగీచి బేరమాడటం తప్ప ఏం చెప్పాడు!” అని కసిరింది. ఆ సంగతి బండెక్కాక చెబితే మాలిక్ సగం ముఖంతో నవ్వాడు.

ఇప్పుడు దారి పొడుగునా ఆమే మాట్లాడుతుంది. విన్నవన్నీ అతనికి చెబుతుంది. మధ్యలో ఏదో ఒకటి అడిగి, కాళ్ల కింద పెడల్ కాస్త వదులు చేసి, జవాబు చెప్పడానికి మనిషికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగుతుంది. ఆ తర్వాత గేరు మార్చి ముందుకు పోతుంది.