చేతులు కోయించిన ఆరు కుర్చీలు

కుర్చీ అంటే చేతులుండాలని నా పట్టుదల. పామర్రు దగ్గర మేం పొలం కౌలుకు చేసిన ఆసామి ఇంట్లో చేతుల కుర్చీ ఒక్కటే ఉండేది. అది ఆయనది. మా నాన్న వెళ్తే అరుగు మీది బల్ల చూపించేవాళ్లు. అందుకని మేం విజయవాడలో ఫ్లాట్ కొనుక్కుని దిగినప్పుడు భోజనాల బల్ల చుట్టూ వేయడానికి ఆరు టేకు కుర్చీలు చేయించాను. ఆరింటికీ చేతులు పెట్టమన్నాను. భోజనాల దగ్గర చేతులు అడ్డమండీ, కుర్చీ బల్ల కిందికి దూరదు అని వడ్రంగి చెప్పి చూశాడు. దూరకపోతే బయటే ఉంటుంది, నువ్వు పెట్టు అన్నాను. అరవై దాటాక నేను అక్షరాలు దిద్దుకున్నది కూడా వాటిలో ఒకదాంట్లో కూర్చునే, కుర్చీ రెండు చేతుల మీదా అడ్డంగా చెక్క వేసుకుని.

మా ఆవిడ మాత్రం నాకు వడ్డించి, నేను తిన్నాక వంటింట్లో స్టూలు మీద కూర్చుని, ఒళ్లో కంచం పెట్టుకుని తినేది. పల్లెటూరి అలవాటు పోలేదని వచ్చినవాళ్ల ముందే దెప్పేవాణ్ణి. "దీనికి కుర్చీ అంటే భయం" అని అందర్నీ నవ్వించేవాణ్ణి. ఆవిడా నవ్వేది.

పోయిన వేసవిలో కంకిపాడులో మా మేనకోడలి కూతురికి ఓణీల ఫంక్షన్ చేశారు. హాలంతా చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అందరూ కూర్చున్నారు, మా ఆవిడ గోడ పక్కన నిలబడింది. నాకు చిర్రెత్తింది.

"కూర్చోవే. కుర్చీలు లేనట్టు నుంచుని నా పరువు తియ్యమాక."

"పర్లేదండీ, ఇలా బానే ఉంది."

"కూర్చోమన్నానా!"

నలుగురూ తిరిగి చూశారు. ఆవిడ మెల్లగా ఒరిగి కూర్చుంది. కాసేపటికి అక్షింతలు వేయడానికి రమ్మని పిలిచారు. ఆవిడ లేచింది. కుర్చీ కూడా ఆవిడతో పాటే లేచింది.

రెండు పక్కలా చేతులు నడుముకి పట్టేసి, కుర్చీ వెనకాల వేలాడుతోంది. ఇద్దరు ఆడవాళ్లు వచ్చి చెరో పక్కా పట్టుకుని లాగారు. "అత్తయ్యా, అది అద్దె కుర్చీ, ఇంటికి పట్టుకెళ్లమాకు!" అంది మేనకోడలు. హాలు గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ మాట దాచను. ఆవిడ కూడా నవ్వుతూనే వెళ్లి పిల్ల నెత్తిన అక్షింతలు వేసి వచ్చింది. మళ్లీ కూర్చోలేదు. భోజనానికీ రాలేదు. కడుపులో బాగోలేదంది.

ఇంటికొచ్చాక ఆవిణ్ణి ఊరడించాలనుకున్నాను. "ప్లాస్టిక్‌వి అంతేలే. మన కుర్చీలైతే అలా అవుతుందా?" అన్నాను.

"మన కుర్చీల్లో నేనెప్పుడు కూర్చున్నానండీ?"

"అదేంటే?"

ఆవిడ వెళ్లి ఒక టేకు కుర్చీ బల్ల దగ్గర్నించి జరిపి, అందులో కూర్చోబోయింది. చేతుల మధ్య పట్టలేదు. పక్కకి తిరిగి ముందంచు మీద కాస్త ఆనుకుని, నా వైపు చూసింది. "ఇంతే పడతాను" అంది.

ఆ కుర్చీలు ఇంటికొచ్చిన రోజున ఆవిడకి పసుపు కుంకుమ ఇచ్చి, అన్నిటికీ బొట్లు పెట్టించింది నేనే. అప్పటికి మా చిన్నమ్మాయి కాలేజీలో చదువుతోంది. ఇప్పుడు దాని కొడుకు కాలేజీలో ఉన్నాడు. అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి, రోజుకి మూడు పూటలా ఆవిడ చేత్తో వడ్డిస్తే తిని, నేనీ సంగతి కనిపెట్టలేదు. పైగా నలుగురిలో వేళాకోళం చేశాను.

"ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే ఏం చేసేవాళ్లు? తిండి తగ్గించమనేవాళ్లు."

అవును. అదే అనేవాణ్ణి.

రెండు రోజులు ఆలోచించి, గవర్నర్‌పేట వెళ్లి చేతుల్లేని కుర్చీ ఒకటి తెస్తానన్నాను. మంచి మాట చెప్పాననే అనుకున్నాను. ఆవిడ మొహం మాడిపోయింది.

"ఐదు చేతులున్నవి, ఒకటి లేనిదీ వేస్తారా? వచ్చినవాళ్లకి అది ఎవరిదో, ఎందుకో తెలీదా? నాకా స్టూలే నయం. దాన్నెవరూ చూడరు."

ఇది నాకు రెండో దెబ్బ. కుర్చీ తెస్తే తప్పు దిద్దుకున్నట్టే అనుకున్నవాణ్ణి, దాంతో ఆవిణ్ణి మళ్లీ నలుగురిలో నిలబెట్టబోయాను.

వడ్రంగిని పిలిపించాను. అప్పటి మనిషే, ముసలాడయ్యాడు. ఆరింటికీ చేతులు తీసెయ్యమంటే రంపం కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆ రోజు వద్దంటే వినకుండా పెట్టించారు. ఇయ్యాళ తీయమంటున్నారు. టేకండీ బాబూ, కొయ్యడానికి చేతులు రావట్లేదు."

"నీ చేతులు తర్వాత చూద్దాం, ముందు వాటివి కొయ్యి."

వంటింట్లోంచి ఆవిడ పరిగెత్తుకొచ్చింది. "మీకిష్టమైనవి పాడు చేసుకోకండి, నా మాటినండి" అంది. మొదటి కుర్చీ చెయ్యి తెగి పడేసరికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకూ కలుక్కుమంది. ముందుకాళ్లు చేతుల దాకా పైకొచ్చి ఉండేవి. వాటిని కూర్చునే చెక్క మట్టానికి కోసి, చిత్రిక పట్టి, రంగు వేసేసరికి మూడు రోజులు పట్టింది. మొండి మచ్చలు మాత్రం పోలేదు. చూసినవాళ్లు అడిగితే, బల్ల కిందికి దూరట్లేదని నేనే తీయించానని చెబుతున్నాను.

రంగు ఆరిన మర్నాడు మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర గిన్నెలు బల్ల మీద పెట్టించి, ఆవిడ కంచం కూడా తెచ్చి నా ఎదుట పెట్టాను. ఆవిడ కుర్చీని రెండుసార్లు చేత్తో తడిమి, కూర్చుంది. నిండా, వెనక్కి ఆనుకుని కూర్చుంది. దోసకాయ పప్పు రెండోసారి వేసుకుంది.

కూర అన్నం అయ్యాక అలవాటు కొద్దీ కంచం ముందుకి తోసి మజ్జిగ కోసం చూశాను. ఎవరూ పోయలేదు. ఆవిడ తల వంచుకుని తింటోంది. నేనే లేచాను. వంటింట్లో నిలబడి చుట్టూ చూసి, ఇక తప్పక అడిగాను.

"మజ్జిగ ఎక్కడ పెడతావే?"

"కిటికీ పక్కనండీ," అంది కూర్చున్న చోటునించే. "నాక్కూడా తెండి."