ముందే ముంచిన గుత్తి

“నా కొడుకు ఇంక ఇంతే ఎత్తు ఉండిపోతాడేమోనప్పా!” అంది ఆశా.

“ఉండిపోడులేమ్మా. ముందు వాణ్ణి కిందికి దిగమను” అన్నాడు బయ్యప్ప.

ఆశా కొడుకు మోహిత్‌కు పదమూడేళ్లు. పేరేసంద్ర దగ్గర వాళ్ల సొంత తోటలో ద్రాక్షపందిరి ఇనుపతీగ పట్టుకుని, మోకాళ్లు మడిచి వేలాడుతున్నాడు. రెండు పాదాలకూ రెండు మగ్గులు తాళ్లతో కట్టుకున్నాడు. మగ్గుల్లో ఉన్నది గుత్తులు పొడవు సాగాలని ముంచే మందు. గుత్తికి పనిచేసింది కాలికి ఎందుకు పనిచేయదని వాడి వాదన.

ఆశా బాగేపల్లి కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. పరుగున వెళ్లి మగ్గులు విప్పి, బిందెడు నీళ్లతో కొడుకు కాళ్లు కడిగింది.

“అది మొక్కల హార్మోను రా! నువ్వేమన్నా మొక్కవా?”

“దినామూ తలుపు కాడ నిలబెట్టి టేపుతో కొలిచేది నువ్వే గదమ్మా?” అన్నాడు మోహిత్ తీగ వదలకుండా. “ఇది పనిచేయకుంటే రేపట్నుంచి మాత్రలే.”

వాడి జేబులో చింతామణి జిమ్‌లో కొన్న డబ్బా ఉంది. ఆరు నెలల్లో ఆరడుగులని దాని మీద రాసుంది. లోపల ఏముందో మాత్రం రాయలేదు. ఆశా భయమంతా అక్కడే. ఎముకల చివర్లలో పెరిగే భాగం ఉంటుంది. ఈడు పూర్తిగా రాకముందే తెలియని హార్మోనేదో ఒంట్లో పడితే ఆ భాగం తొందరగా గట్టిపడి మూసుకుపోవచ్చు. మూసుకున్నాక మళ్లీ తెరుచుకోదు. ఈ సంగతి కొడుక్కి బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పింది. వాడు బొమ్మ బాగుందన్నాడు.

అందుకే బయ్యప్పను పిలిపించింది. ఆయనది మండికల్. నలభై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల తోటల్లో గుత్తులు ముంచడమే పని. మనిషి నాలుగున్నర అడుగులు. బస్సులో, పెళ్లి ఫొటోల్లో ఎందుకూ కొరగాని ఆ ఎత్తు పందిరి కిందికి వస్తే వరమైపోతుంది. మిగతా కూలీలు పొద్దంతా నడుము వంచి, సాయంత్రానికి మూలుగుతూ బయటపడితే, ఆయన మగ్గు పట్టుకుని నిటారుగా నడిచి వస్తాడు. ఏ రోజు ముంచాలో ఆయనే చెప్పాలి. ఒక పొడుగాటి యజమాని ఆ మాట అడగడానికి పందిరి కింద మోకాళ్ల మీద నడుచుకుంటూ ఆయన వెంట తోటంతా తిరిగాడు.

“మాత్రలు వద్దు రా నాయనా” అన్నాడు బయ్యప్ప.

“నువ్వు పొట్టి గదా తాతా, అట్లే అంటావు.”

“అవునప్పా, నేను పొట్టే. నన్నెవరూ ముందే ముంచలేదు. అందుకే నాలో ఏదీ రాలిపోలేదు. ఆ పక్క వరస చూడు.”

ఆ వరసను ఆశా మామ గంగాధరప్ప తొందరపడి, పూత విచ్చకముందే రెండింతల మందులో ముంచాడు. గుత్తులు మూరెడేసి సాగాయి. చూడవచ్చిన వాళ్లంతా వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

మోహిత్ ఊగుతూ చెయ్యి మార్చి ఆ వరస తీగ అందుకున్నాడు. తీగ అదిరింది. బఠాణీ గింజంత కాయలు టపటపా వాడి నెత్తిన రాలాయి. చూస్తుండగానే మూరెడు గుత్తులన్నీ చీపుళ్లయి వేలాడాయి.

వాడు దిగాడు. కాయలు ఏరి దోసిట్లో పట్టుకున్నాడు.

“మళ్లీ అతికించేకి కాదా తాతా?”

“యాడ అతికిస్తావు రా? కాడ గట్టిపడిపోయుండాది.”

మోహిత్ దోసిట్లో కాయలను నేల మీద పోశాడు. తర్వాత జేబులోంచి డబ్బా తీసి తల్లి చేతిలో పెట్టాడు. మూతకున్న సీలు ఇంకా ఊడలేదు. ఆశా ఊపిరి పీల్చుకుంది.

“నువ్వు గూడా ఇయ్యమ్మా” అని బయ్యప్ప చెయ్యి చాపాడు.

“నేనేమియ్యాలప్పా?”

“టేపు.”

ఆ టేపుతో ఆయన ఇప్పుడు మగ్గును నడుముకు కట్టుకుంటున్నాడు. ఆశా ఇంటి తలుపు మీద పెన్సిలు గీతలు అరవై ఒక్క అంగుళాల దగ్గర ఆగిపోయాయి. తెల్లారితే కొలవాలని ఆమె వేళ్లు ఇంకా దురద పెడతాయి. అప్పుడు వంటింట్లోకి వెళ్లి రాగిముద్ద కలుపుతూ, ఆ రోజు బయ్యప్ప చెప్పింది తనకు తాను చెప్పుకుంటుంది:

“దినామూ పట్టి చూస్తే గుత్తి నల్లబడతాదమ్మా. ఆర్నెల్లకొకసారి డాక్టరు కొలుస్తాడు. నువ్వు ముద్ద పెట్టు, నిద్ర పోనీ. పెరిగే పని వాంది.”