వెనక ఇరుసు మీది బరువు

బస్సు డిపో వర్క్‌షాపులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాక, కొండాపూర్‌లో ఒక ప్రైవేటు వర్క్‌షాపులో టెక్నికల్ మేనేజరుగా చేరాను. కొండదారుల్లో తిప్పే జీపులకూ పికప్ ట్రక్కులకూ సస్పెన్షన్ మార్చడం అక్కడి ప్రధానమైన పని. ఇరుసు మీద బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలను కమాన్లంటాం. ఏ బండికి ఏ కమాన్లు, ఏ షాక్ అబ్జార్బర్లు వెయ్యాలో నిర్ణయించి సంతకం పెట్టే అధికారం నాది. నేను సంతకం పెట్టనిదే స్టోరు నుంచి సామాను కదలదు. ఇప్పుడు చెప్పబోయేది నేను పూర్తిగా పని మానేయడానికి రెండేళ్ల ముందు, సెప్టెంబరు నెల మొదటి సోమవారం నాడు మొదలైంది.

ఆ రోజు వచ్చిన బండి నాలుగు తలుపుల పికప్. తెల్ల నంబరు పలక, అంటే సొంత వాడకానికి రిజిస్టరైనది. యజమాని రాజశేఖర్ గారిది కాకినాడ. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. వెంట డ్రైవరు మల్లేశ్ ఉన్నాడు. మహబూబ్‌నగర్ వైపు మనిషి, నలభై ఏళ్లుంటాయి, చేతులు కట్టుకుని రెండడుగులు వెనకే నిలబడ్డాడు.

రాజశేఖర్ గారు కూర్చోకముందే ఒక మాట చెప్పారు. ఇంతకుముందు వేరే వర్క్‌షాపు వాళ్లు పాత షాక్ అబ్జార్బర్లకే రంగు వేసి కొత్తవని బిగించారట. అందుకని ఈసారి ప్రతి భాగం మీదా తన భార్య గోళ్ల రంగుతో చుక్క పెట్టుకుని వచ్చారు. "ఏమీ అనుకోకండి. మీరని కాదండీ, నేనెవర్నీ నమ్మడం మానేశాను," అన్నారు. నేనేమీ అనుకోలేదన్నాను. అనుకున్నాను.

ఆయన కోరిక ఏమిటంటే బండి నాలుగంగుళాలు లేవాలి. ముందు స్ప్రింగుల మీద దిమ్మలు, వెనక ఇరుసుకూ కమాన్లకూ మధ్య ఇనుప బ్లాకులు పెట్టే పద్ధతిని ఆయన ఎక్కడో చూసి, బొమ్మలతో సహా తెచ్చారు. ఆ పద్ధతిలో పాత కమాన్లు అలాగే ఉంటాయి, ఎత్తు మాత్రం పెరుగుతుంది. ఖాళీ బండికి, తక్కువ ఎత్తుకు పరవాలేదు. బరువు మోసే బండికి మాత్రం ప్రమాదం. ఎత్తెక్కేటప్పుడు ఇరుసు మెలి తిరుగుతుంది, ఆ మెలి అంతా కమాను మీద పడుతుంది. పైగా ఇంత ఎత్తు పెంచాలంటే ఆర్టీవో అనుమతి తీసుకోవాలి. అదీ చెప్పాను.

సస్పెన్షన్ ఎంచుకోవడంలో మొదటి ప్రశ్న ఎత్తు కాదు, బరువు. ఈ బండి ఎప్పుడూ ఎంత మోస్తుంది? అది తెలిస్తే కమాను ఎంత గట్టిగా ఉండాలో తెలుస్తుంది, దాన్నిబట్టి షాక్ అబ్జార్బరు. అన్నీ అయ్యాకే ఎత్తు. అందుకే బరువు గురించి అడిగాను. శని ఆదివారాల్లో భార్య, కూతురు, ఒక గుడారం, వంట సామాను. అంతేనన్నారు.

బండిని లిఫ్టు మీదకు ఎక్కించాం. వెనక కమాన్లు వంపు పోయి చదునుగా పడి ఉన్నాయి. పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకున్న చోట్ల అద్దంలా మెరుస్తున్నాయి. గుడారం మోసిన కమాన్లు అలా ఉండవు. డిపోలో వేల కమాన్లు చూసినవాణ్ణి. ఈ బండి టన్ను లెక్కన మోస్తోందని ఒక్క చూపులో అర్థమైంది. మా సీనియర్ మెకానిక్ ఖాజా భాయ్ నా వైపు చూసి పెదవి విరిచాడు. తర్వాత పక్కకు పిలిచి, "సాబ్, ఈ బండి కిరాయికి తిరుగుతున్నది. ఆయన జూటా మాట్లాడుతున్నడు," అన్నాడు.

నాకూ అలాగే తోచింది. తెల్ల పలక బండిని కిరాయికి తిప్పడం చట్టవిరుద్ధం. ప్రమాదమైతే ఇన్సూరెన్సు రాదు. అది దాచడానికే ఈయన ముందుగా మమ్మల్ని దొంగల్ని చేసి మాట్లాడుతున్నాడని నిశ్చయించుకున్నాను. ఫైలులో నా అభిప్రాయం రాశాను: "యజమాని వాస్తవాలు దాస్తున్నారు."

ఇలాంటి చోట నేను వాడే పద్ధతి ఒకటుంది. ఇరుసు ఎగిరి ఛాసిస్‌కు తగలకుండా మధ్యలో ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది. దాన్ని బంప్ స్టాప్ అంటాం. అది వచ్చి తగిలే చోట, ఇరుసు మీద, కిటికీ అద్దాలకు పెట్టే మెత్తటి పుట్టీ ముద్ద అంటిస్తాం. వారం తిప్పి తెమ్మంటాం. ముద్ద చెదరకపోతే కమాన్లు సరిపోతున్నట్టు, చితికితే బరువు మించుతున్నట్టు. ఖాజా భాయ్ పుట్టీ అంటించి, తిరిగిన కిలోమీటర్లు జాబ్ కార్డులో రాశాడు. వచ్చే సోమవారం తెమ్మన్నాను.

రాజశేఖర్ గారికి తొందరగా ఉంది. ఆ మరుసటి శనివారమే భార్యనూ కూతుర్నీ తీసుకుని అనంతగిరి కొండల వెనక రాళ్లదారిలో వెళ్లాలని అనుకున్నారు. అయినా ఒప్పుకున్నారు.

సోమవారం ఇద్దరూ వచ్చారు. బండి ఎత్తి చూస్తే రెండు ముద్దలూ చపాతీల్లా అణిగిపోయి ఉన్నాయి. రబ్బరు మీది గీతలు వాటి మీద అచ్చు పడ్డాయి.

"ఈ వారం బరువేమైనా వేశారా?" అని అడిగాను.

"ఈ వారం బండే తియ్యలేదండీ. ఆఫీసులో ఊపిరాడని పని. రోజూ కంపెనీ క్యాబ్‌లో నానక్‌రామ్‌గూడ వెళ్లొచ్చాను. ఇది మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంది," అన్నారు.

నేను జాబ్ కార్డు తెప్పించాను. మీటరు చూస్తే, వారంలో మూడువందల ఎనభై కిలోమీటర్లు తిరిగింది. కార్డు ఆయన ముందు పెట్టాను. ఆయన మీటరు చూశారు, కార్డు చూశారు, నన్ను చూశారు.

"ఇది రాసింది మీవాళ్లే కదండీ," అన్నారు మెల్లగా. "పుట్టీ పెట్టిందీ మీరే, నొక్కిందీ మీరే అయుండొచ్చు. ఖరీదైన సస్పెన్షన్ కిట్టు అమ్ముకోవడానికి ఇంత నాటకం దేనికి?"

నా ఉద్యోగ జీవితంలో ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. నేనూ ఊరుకోలేదు. బండిని కిరాయికి తిప్పుకుంటూ, ఆ సంగతి దాచి, రేపు కొండ మీద కమాను విరిగితే మా పేరు చెబుతారా అని ముఖం మీదే అడిగాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఖాజా భాయ్ రెంచి కింద పెట్టి నా పక్కన వచ్చి నిలబడ్డాడు. మల్లేశ్ తాళంచెవి వేలికి తగిలించుకుని గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. అతన్ని చూసి జాలి వేసింది. యజమాని చెప్పినట్టు నడిపి, యజమాని అబద్ధం ఆడుతుంటే మౌనంగా వినాల్సిన మనిషి అనుకున్నాను.

ఈ గొడవ మాటలతో తేలదని, బండిని తూకానికి పెడదామన్నాను. ఎలాగూ చెయ్యాల్సిన పనే. మొత్తం బరువు, ముందు ఇరుసు బరువు, వెనక ఇరుసు బరువు విడివిడిగా తీస్తాం. రాజశేఖర్ గారు సరేనన్నారు, కానీ మేము రోజూ వెళ్లే ధర్మకాంటాకు రానన్నారు. అక్కడివాళ్లు మా మనుషులై ఉంటారట. ఫోనులో వెతికి, మూసాపేటలో ఒకటి చూపించారు.

అప్పుడు మల్లేశ్ మొదటిసారి నోరు విప్పాడు. "సార్, ఆడ మస్తు రష్ ఉంటది. లారీలు లైను కడ్తయి. వేరే కాడికి పోదాం సార్," అన్నాడు.

యజమానిని కాపాడుతున్నాడని అనుకున్నాను. అక్కడికే వెళ్దామని పట్టుబట్టాను.

మల్లేశ్ నడిపాడు. ముగ్గురం ఆ బండిలోనే బయల్దేరాం. మూసాపేట చేరేసరికి లైను లేదు, ఒక్క లారీ మాత్రం దిగుతోంది. మా బండి కాంటా పలక మీదకు ఎక్కింది. కిటికీలో కూర్చున్న ఆపరేటరు తల బయటపెట్టి, నవ్వుతూ పలకరించాడు.

"ఏం మల్లేశన్నా, ఇయ్యాల ఖాళీ బండి తెచ్చినవేంది? సలాక ముక్కలు అయిపోయినయా?"

ఆపరేటరుకు ఏమీ తెలియదు. అతను మామూలుగా బండి నంబరు కొట్టి, పాత తూకాలు తెర మీద కనబడుతుంటే చదువుతూ పోయాడు. మంగళవారం ఒకసారి, బేస్తారం ఒకసారి, శుక్రవారం రెండుసార్లు. ప్రతిసారీ సరుకు బరువే టన్నుకు పైన. కంపెనీ ఆ బండికి అనుమతించిన బరువుకు రెట్టింపు దాటింది. నానక్‌రామ్‌గూడలో కడుతున్న టవర్ల దగ్గర మిగిలిన ఇనుప సలాకల ముక్కలు మూసాపేట పాత ఇనుము దుకాణాలకు చేరుతున్నాయి. చేరవేస్తున్నది ఈ బండి.

రాజశేఖర్ గారు అరవలేదు. మల్లేశ్ వైపు తిరిగి ఒకే మాట అడిగారు.

"మా పాపను రోజూ స్కూల్లో దింపేది నువ్వే కదయ్యా మల్లేశ్?"

"అవును సార్."

"ఊళ్లో అందర్నీ అనుమానించాను. నిన్నొక్కణ్ణి వదిలేశాను."

మల్లేశ్ స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అతని బావమరిది పాత ఇనుము ఎత్తే పని ఒప్పుకున్నాడు. ఆ బావమరిది ట్రాలీ ఆటో ఇంజను పోయి మూలన పడింది. పని చేజారుతుందంటే, రెండు రోజుల కోసమని మల్లేశ్ ఈ బండి తీశాడు. రెండు రోజులు మూడు నెలలైంది. పాపను ఇంటి కారులో స్కూల్లో దింపి వచ్చాక, మళ్లీ తీసుకురావడానికి వెళ్లేలోపు సలాకలు తోలేవాడు. ట్రక్కును కడిగి సెల్లార్‌లో పెట్టేవాడు. ఇదంతా గొంతు పెంచకుండా, ఏమీ మిగల్చకుండా చెప్పాడు.

నేను వెనక సీట్లో కూర్చుని ఉన్నాను. అప్పుడు నాకు కలిగింది సంతోషం కాదు. కమాన్ల మీద బరువు పడుతోందన్నంత వరకు నా లెక్క సరైనదే. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ బరువు ఎవరు వేశారన్నది నాకు కమాన్లు చెప్పలేదు. అది నేను కల్పించుకున్నాను.

తిరిగి వర్క్‌షాపుకు వచ్చి ఖాజా భాయ్‌తో వెనక కమాన్ల కట్టలు విప్పించాను. మొదటి రోజే చెయ్యాల్సిన పని అది. నాకు సంగతంతా తెలిసిపోయిందన్న ధీమాతో, పైపైన చూసి వదిలేశాను. ఎడమ వైపు కట్టలో రెండో పట్టీ, యు బోల్టులు బిగించే చోట, సగానికి పైగా పగిలి ఉంది. పైనుంచి ప్లేటు కప్పడంతో బయటికి కనబడలేదు. రాజశేఖర్ గారిని పిలిచి చూపించాను. ఆయన వేలితో పగులు తడిమారు.

"ఇదే పట్టీ కింద మీ బ్లాకులు పెట్టి ఉంటే?" అని ఖాజా భాయ్ అడగబోయాడు. వద్దని సైగ చేశాను. రాజశేఖర్ గారికి అర్థమైంది. శనివారం ఆ బండిలో ఎవరు కూర్చునేవారో ఆయనకు నేను చెప్పనక్కరలేదు.

ఆయన నన్ను క్షమించమన్నారు. నేనూ క్షమించమని అడగాలి, కానీ ఆ రోజు నోరు రాలేదు. ఆయన వెళ్లాక ఫైలు తీసి నేను రాసిన వాక్యం కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను.

మల్లేశ్‌ను ఆయన ఆ రోజే పనిలోంచి తీసేశారు. పోలీసుల దాకా వెళ్లలేదు. తాళంచెవి మా ఆఫీసులో ఇచ్చి వెళ్లమన్నారట. మల్లేశ్ వచ్చి టేబుల్ మీద పెట్టాడు. వెళ్లబోతుంటే ఆపాను. నేనూ రాజశేఖర్ గారూ గొంతులు చించుకుంటుంటే, పక్కనే ఉండి ఒక్క మాట ఎందుకు అనలేదని అడిగాను.

"నన్ను ఎవరడిగిండ్రు సార్?" అన్నాడు. "మీరు సార్‌ను అడిగిండ్రు. సార్ మిమ్ముల అడిగిండు."

"అడిగితే చెప్పేవాడివా?"

"ఏమో సార్. చెప్పకపోదునేమో. గని నా మొకం చూస్తే మీకు తెలుస్తుండె."

తాళంచెవి తీసి సొరుగులో పెట్టాను. అతను వెళ్లిపోయాడు. తర్వాత ఏమయ్యాడో నాకు తెలియదు.

ఆ బండిని నాలుగంగుళాలు లేపలేదు. గుడారం, వంట సామాను, నీళ్ల డబ్బాలు, ముగ్గురు మనుషులు, అన్నీ ఎక్కించి మళ్లీ తూకం వేయించాం. ఆ బరువుకు తగిన కొత్త కమాన్లు వెనక వేశాం. వాటికి జతయిన షాక్ అబ్జార్బర్లు నాలుగు వైపులా బిగించాం. ముందు భాగం వెనకతో సమంగా ఉండేందుకు కావలసినంత మాత్రమే లేపాం. రాజశేఖర్ గారు అన్నిటి మీదా గోళ్ల రంగు చుక్కలు పెట్టుకున్నారు. ఈసారి నేనే సీసా మూత తీసి ఇచ్చాను. అనంతగిరి ప్రయాణం రెండు వారాలు వాయిదా పడింది. తిరిగి వచ్చాక చెకింగుకు తెచ్చారు. బోల్టులన్నీ బిగువుగా ఉన్నాయి, ఇరుసు మీద పెట్టిన పుట్టీ చెదరలేదు.

ఆ నెలలోనే మా జాబ్ కార్డు మార్పించాను. మీటరు అంకె పక్కన యజమాని సంతకం తప్పనిసరి చేశాను. యజమాని చెప్పిన బరువు రాసే గడి కింద, బండి నడిపేవారు చెప్పిన బరువు రాయడానికి ఇంకో గడి పెట్టించాను. దాన్ని యజమాని ఎదుట నింపకూడదని నియమం పెట్టాను. పని మానేసే దాకా ఆ రెండో గడి నేనే నింపాను. చాలాసార్లు రెండు అంకెలూ ఒకటే. తేడా వచ్చినప్పుడు మాత్రం, ఎవరు అబద్ధం చెబుతున్నారన్నది పక్కన పెట్టి, ముందు కమాను విప్పించి చూసేవాణ్ణి.