మా మాష్టారి మనిషిలేని నౌకలు

మా సైన్సు మాష్టారు పోయారన్న కబురు నాకు ఫోన్‌లో బొమ్మగా వచ్చింది. పలాసలో నేను పనిచేసే ల్యాబ్‌లో పొద్దున్నే వచ్చినవాళ్ళకి రక్తం తీస్తున్నాను. మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫ్లెక్సీ నమూనా పెట్టారు. మాష్టారి మొహాన్ని ఏదో పాత ఫోటోలోంచి కత్తిరించి, తెల్లటి వ్యోమగామి దుస్తుల మీద అతికించారు. చంకలో హెల్మెట్, వెనక నిప్పులు కక్కే రాకెట్, పైన వరసగా మా ఊరి పెద్దల మొహాలు. ఒక్కో పెద్దమనిషి మొహం మాష్టారి మొహం కన్నా పెద్దది. కింద ‘అంతరిక్ష వీరుడికి అశ్రునివాళి’ అని రాశారు. ఏడుపు కన్నా ముందు నాకు ఒళ్ళు మండింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ మనిషి లేకుండా వెళ్ళే నౌకల గురించే చెప్పిన ఆయనకి చచ్చాక ఆ వేషం వేశారు.

గుండె ఆగి పోయారు. పూండి స్టేషన్ వైపు నుంచి సైకిల్ మీద ఇంటికొస్తూ, జీడితోటల మలుపులో దిగి, సైకిల్‌కి స్టాండు వేసి గట్టు మీద కూర్చున్నారట. అలాగే ఒరిగిపోయారు. ఇంటింటా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో ఎవరు పోయినా మొదట అడిగేది ఒకటే, కిడ్నీయేనా అని. గుండె అంటే నమ్మరు, గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆ రోజు ల్యాబ్‌కి వచ్చినవాళ్ళలో మాష్టారిని ఎరిగినవాళ్ళందరూ అదే అడిగారు. ఇంత పాడు ప్రశ్న పలకరింపులా అలవాటైపోయింది మాకు.

మాష్టారు మాకు తొమ్మిదిలో చెప్పారు. పుస్తకంలో అంతరిక్షానికి ఇచ్చింది ఒకటో రెండో పేజీలు. ఆయన దానికి మమ్మల్ని పూండి స్టేషన్ కంచె దగ్గరికి నడిపించుకుని వెళ్ళేవారు. అక్కడ ఆగని ఎక్స్‌ప్రెస్ బండి దుమ్ము లేపుకుంటూ పోయాక అడిగేవారు. “ఆ కిటికీ కాడ కూకున్నోడికి పూండి గురించి ఏటి తెల్సిందో సెప్పండి.” జీడిచెట్లు ఉన్నాయని తెలిసిందని ఒకరు, బోర్డు మీద పేరు చదివి ఉంటాడని ఒకరు అన్నాం. వెనకనుంచి ఒకడు, ఏమీ తెలీదు మాస్టారూ, వాడు పడుకుని ఉంటాడు అన్నాడు. ఆయన నవ్వి, పడుకోకపోతే దాన్ని ఫ్లైబై అంటారని చెప్పారు. దూరపు గ్రహాల దగ్గరికి మొదట వెళ్ళిన నౌకలు అలాంటివే. ఆగేంత ఇంధనం ఉండదు. ఏళ్ళ తరబడి ప్రయాణం చేసి, దగ్గరికొచ్చిన ఆ కాస్త సేపట్లో చూడగలిగినంత చూసి, ఫోటోలు తీసి, పోతూ పోతూ ఇంటికి పంపిస్తాయి. ఒక్క చూపే కదా అని తీసిపారేయకండి, ఆ చూపు కూడా లేనప్పుడు మనకేం తెలుసు అనేవారు.

బడికి తిరిగొచ్చాక అసలు ఆట మొదలయ్యేది. సైకిళ్ళున్న ఇద్దరు బడి చుట్టూ తిరుగుతూ, ప్రతి చుట్టుకీ ఏం మారిందో అరిచి చెప్పాలి. వాళ్ళు ఆర్బిటర్లు. చురుకైన ఒక పిల్ల రోవర్. నేల మీద కొంచెం పాకి, ఆగి, మన్ను ముట్టుకుని, వాసన చూసి, ముందుకి పోవచ్చా అని అడగాలి. అడిగిన వెంటనే జవాబివ్వరు. అంగారకుడి నుంచి మాట రావడానికి, పోవడానికి టైము పడుతుంది కదా అని ఆయన తీరిగ్గా ఇంకో పిల్లాడి లెక్క దిద్దేవారు. ఈ లోపు ఆ పిల్ల మోకాళ్ళ మీదే ఉండేది. బద్ధకస్తురాలినని నన్ను ల్యాండర్ చేశారు. జీడిచెట్టు కింద కూర్చోబెట్టి, మెడ తిప్పొచ్చు గానీ కాలు కదపకూడదన్నారు. ఎర్రచీమలు పట్టాయి. కదలకుండా అదే రిపోర్టు చేశాను. మాష్టారు బోర్డు మీద ‘జీవం ఉంది’ అని రాసి, కిందనే నా పేరు రాశారు. ఇప్పటికీ జీడిచెట్టు కింద కూర్చోవాలంటే నాకు చిరాకే, కానీ ఆ పేరు రాసినందుకు గర్వం కూడా పోలేదు.

ఒక్క రకం దగ్గర మాత్రం ఆయన ఆట ఆడించేవారు కాదు. పెద్ద పెద్ద వాయుగ్రహాల్లోకి వదిలే ప్రోబ్ అది. దిగడానికి అక్కడ నేల ఉండదు. పారాచూట్‌కి వేలాడుతూ కిందికి పోతూ, ఇక్కడ ఇంత వేడి, ఇక్కడ ఇంత ఒత్తిడి అని చెబుతూ చెబుతూ నలిగిపోతుంది. అది చచ్చిపోతుందని తెలిసే పంపుతారా మాస్టారూ అని ఎవరో అడిగారు. “దానికి తెల్దు, మనకి తెల్సు. అందుకే అది సెప్పిన పెతీ ముక్కా ఇనాల” అన్నారు. గ్రహశకలం మీద పిడికెడు మన్ను తీసి తెచ్చే నౌకల గురించి కూడా అదే మాట. తేవడంతో పని అవదు, అందులో ఏముందో నలుగురికీ చెప్పాలి. ఎన్ని రకాలు చెప్పినా చివరికి అక్కడికే వచ్చేవారు. ఎల్లడం గొప్ప కాదు, కబురు పంపడం గొప్ప. కబురు పంపనిది పారేసిన ఇనుము.

ఆ మాట నమ్మిన మనిషి కాబట్టే ఆయనకి ఆ దెబ్బ తగిలింది. ఆయన రిటైరవడానికి కొంచెం ముందు ఒక పెద్ద నగరం నుంచి మా ఊరికి బృందం వచ్చింది. తెల్ల వ్యాను, ఐసు పెట్టెలు, బ్యానరు. ఊళ్ళో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో పరిశోధన చేస్తాం, రక్తాలు కావాలి, ఎవరి రిపోర్టు వాళ్ళకి పంపిస్తాం అన్నారు. జనం ముందుకి రాలేదు. మాష్టారు ఇంటింటికీ తిరిగి, నేను పూచీ అన్నారు. మా పెద్దమ్మ, అంటే మా అమ్మ అక్క, జీడిపప్పు ఒలిచే పనికి వెళ్తుంది. సూది అంటే వణుకు. “మేస్టారు సెప్పినారని ఇత్తన్నాను” అని కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది. ఫ్లెక్సీలో అందరికన్నా పెద్ద మొహం ఉన్న పెద్దమనిషి ఇంట్లో బృందానికి భోజనాలు. మా బావి ముందు ఫోటోలు దిగారు, జీడిపప్పు పేకెట్లు పట్టుకుని వ్యానెక్కారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అనలేదు. ఒక్క రిపోర్టు రాలేదు.

రక్తం తీసి రిపోర్టు ఇవ్వడమే నేను చేసే ఉద్యోగం. పొద్దున్న రక్తం తీస్తే సాయంత్రం బస్సుకి ముందు, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ ఎంతో కాగితం మీద ఉంటుంది. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. గ్రహాలన్నీ దాటిపోయిన ముసలి నౌక ఒకటి, ఫ్రిజ్‌లో బల్బుకి సరిపోయే కరెంటుతో ఇంకా కబుర్లు పంపుతోందని మాష్టారు చెప్పేవారు. వీళ్ళకి ఏసీ వ్యాను ఉంది, చేతిలో ఫోన్లున్నాయి, పేరు వెనక డిగ్రీలున్నాయి. మా వాళ్ళ నెత్తురు ఎక్కడ పారబోశారో ఈశ్వరుడికి తెలియాలి.

మాష్టారు మొదట సరదాగానే తీసుకున్నారు, దూరం నుంచి రావాలి కదా, సిగ్నల్ ఆలస్యం అవుతుందనేవారు. ఫోన్ చేస్తూనే ఉన్నారు. కొన్నాళ్ళు మోగింది, తర్వాత ఆ నంబరే లేదంది. అప్పటినుంచి ఆ సరదా మానేశారు. భోజనాలు పెట్టిన పెద్దమనిషి దగ్గరికి వెళ్తే, కందకి లేని దురద కత్తిపీటకెందుకు మేస్టారూ, రోగం ఉన్నోళ్ళే అడగడం లేదు అన్నాడట. అడగకపోవడం ఏమిటి? మా పెద్దమ్మ రోజూ అడిగేది. ఆయన సైకిల్ కనబడితే చాలు, గుమ్మంలోకి వచ్చి, “ఏటి బాబూ, నా నెత్తురు ఊసేటయినాది?” అనేది. ఆవిడ అడగడంలో నిష్ఠూరం లేదు, పోస్టు వచ్చిందా అన్నట్టు అడిగేది. ఇంకొకరైతే ఆ వీధి మానేసి చుట్టుదారిన పోయేవారు. మాష్టారు ఆవిడ కనబడకపోయినా ఆగి, బెల్లు కొట్టి, ఇంకా రాలేదమ్మా అని చెప్పి వెళ్ళేవారు.

మన ల్యాండర్ చంద్రుడి మీద దిగిన సాయంత్రం బళ్ళో టీవీ పెట్టారు. ఊరంతా వచ్చింది, పెద్దమ్మ కూడా. చప్పట్లు అయ్యాక మాష్టారు, అది దిగి కబురు పంపిందని, అక్కడ పగలున్నన్నాళ్ళు పంపుతూనే ఉంటుందని, తర్వాత చలిరాత్రికి నిద్రపోతుందని పిల్లలకి చెబుతున్నారు. పెద్దమ్మ లేచి, “సెంద్రుడి కాడినించి కబురొచ్చీసినాది. నా నెత్తురు టెక్కలి దాటి రానేదేటి బాబూ?” అంది. జనం నవ్వారు. నవ్వాల్సిన మాటా అది? మాష్టారు నవ్వలేదు. మర్నాడే ఆయన మా ల్యాబ్‌కి వచ్చారు.

అప్పటినుంచి పోయేదాకా ఆయన పని అదే. మా వీధివాళ్ళని నలుగురైదుగురిని పోగేసి ఆటోలో పలాస తీసుకొచ్చేవారు. పరీక్షలయ్యాక వాళ్ళని పంపేసి, ఆయన సాయంత్రం దాకా మా బెంచీ మీద కూర్చుని, రిపోర్టులు పట్టుకుని వెళ్ళి ఎవరి గుమ్మంలో వాళ్ళకి చదివి చెప్పేవారు. బాగున్నవాళ్ళకి బాగుందని, బాగులేనివాళ్ళని రేపే డాక్టరు దగ్గరికి పదమని. ఫోన్‌లో పంపించేస్తాను మాష్టారూ, ఎందుకు కూర్చోవడం అంటే వినేవారు కాదు. “ఓసారి నా మాట పోనాది కదమ్మా. ఇప్పుడు మనిషే ఎల్లాల” అనేవారు.

పెద్దమ్మ మాత్రం రాలేదు. కాళ్ళు వాచేవి, నిలబడి పని చేయడం వల్ల అనేది. నేను బతిమాలాను, తిట్టాను. ఒకసారి ఇచ్చేశాను, ముందు దానికి జవాబు రానీ అంది. ఆవిడ రక్తం చూడాలని నాకెంత ఆరాటంగా ఉండేదో చెప్పలేను. ఉద్దానంలో వాచిన కాళ్ళు చూసి ఊరుకోవడం అయ్యే పని కాదు. ఆవిడకి గట్టిగా చెప్పమని మాష్టారిని అడిగితే, అడిగింది న్యాయమే కదమ్మా, ఏ మొహంతో మళ్ళీ చెయ్యి చాపమంటాను అన్నారు.

ఇక సంతాప సభ సంగతి. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు, ఆ రోజు బళ్ళో చారెడు కాదు, తట్టెడు. ఆయన ఉన్నప్పుడు కందా కత్తిపీటా అన్న పెద్దమనిషే మైకు పట్టుకున్నాడు. మేస్టారికీ నాకూ ఎంత స్నేహమో మీకు తెలుసు అన్నాడు. మాకెవరికీ తెలియదు. నగరాల నుంచి పరిశోధకుల్ని ఈ ఊరికి రప్పించిన ఘనత ఆయనదేనన్నాడు. వ్యోమగామి దుస్తుల్లోనే విగ్రహం పెట్టిస్తానన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆయన విద్యార్థులు ఎంతమంది ఉన్నారు అక్కడ, ఒక్కరికీ నోరు లేవలేదు. నేను సగంలో లేచి వచ్చేశాను. ఆడవాళ్ళ వెనక వరసలో పెద్దమ్మ కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆవిడ ఒక్కతే ఆటో ఎక్కి ల్యాబ్‌కి వచ్చింది. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

“మేస్టారు ఉన్నన్నాళ్ళూ గుమ్మం కాడ ఆగి రానేదని సెప్పేవోరు. ఇప్పుడు ఆ ఊసు సెప్పేవోరు కూడా నేరు. తియ్యమ్మీ” అంది.

తీశాను. దూది పెట్టి, కాసేపు నొక్కి పట్టుకో పెద్దమ్మా, సాయంత్రం నేనే తెస్తాను, ఇంటికెళ్ళు అన్నాను. వెళ్ళలేదు. మాష్టారు కూర్చునే బెంచీ మీదే కూర్చుంది. మధ్యాహ్నం అన్నం తెప్పిస్తే వద్దంది. మెషిన్ చూపించిన అంకె చూసి నేను పరీక్ష మళ్ళీ చేశాను. రెండోసారీ అదే. ఇది నిన్నా మొన్నా వచ్చిన జబ్బు కాదు.

కాగితం పట్టుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. బాగోలేదని చెప్పాను, రేపు డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తానన్నాను. ఆవిడ కాగితాన్ని చూసింది. చదువు రాదు.

“అప్పుడు కూడా ఇది ఉన్నాదేటి?”

“ఉండే ఉంటాది పెద్దమ్మా.”

“ఆ బాబులికి తెలిసే ఉంటాదేటి?”

ఆ వ్యానులో వెళ్ళినవాళ్ళ మొహాలు ఒక్కటీ నాకు గుర్తు లేవు, ఉంటే ఉమ్మేద్దును. తెలిసే ఉంటాదని చెప్పాను.

అప్పుడు చూశాను. ఆవిడ మోచెయ్యి మడిచే ఉంది. పొద్దున్న నేను పెట్టిన దూదిని అవతలి చేత్తో ఇంకా గట్టిగా నొక్కి పట్టుకుని కూర్చుంది.