మీటరు దూరంలో నూట ముప్పై

సైరన్‌కు పేరు పెట్టేవారు దానిలో ఏ అంకె వేయాలో, ఏ అంకె దాచాలో కూర్చుని ఆలోచిస్తారని కృపానందానికి యాభై రెండేళ్ళు వచ్చేదాకా తెలియదు. తెలిసిన రోజున ఆయన రాత్రి అన్నం ముట్టలేదు.

అల్లవరం మండలంలో సముద్రం వైపున ఉన్న కొత్తమెరక గ్రామంలో ఒక తుపాను రక్షణ భవనం ఉంది. దాని డాబా మీది సైరన్‌ను చూసుకోవడం ఆయన ఉద్యోగం. అమలాపురంలో భౌతికశాస్త్రంతో బి.ఎస్సీ. పూర్తిచేసి, తొమ్మిదేళ్ళు ఒక కాలేజీ ప్రయోగశాలలో సహాయకుడిగా ఉండి, పంతొమ్మిదేళ్ళ కిందట ఇందులో చేరాడు. ఊళ్ళో అందరూ ఆయనను సైరన్ మేస్టారు అంటారు. ఆయన ఎవరికీ పాఠం చెప్పింది లేదు.

పాత సైరన్ పేరు ఎం.ఆర్. 5-115-30. చేరిన మొదటి రోజునే, అప్పటి ఆపరేటరు తాతారావు ఆ పేరును విడగొట్టి చూపించాడు. ‘ఎం’ అంటే మోటారు. ‘ఆర్’ అంటే గాలిని కోస్తూ తిరిగే చక్రం, రోటరు. అయిదు, మోటారు హార్స్‌పవర్. నూట పదిహేను, డెసిబెళ్ళలో శబ్దం. చివరి ముప్పై, ఆ శబ్దాన్ని ఎన్ని మీటర్ల దూరంలో నిలబడి కొలిచారన్నది.

“ఆ చివరి ముప్పై ఉంది చూసేరూ, అది లేకపోతే ముందున్న నూట పదిహేనుకి విలువ లేదండి,” అన్నాడు తాతారావు. “చెవిలో నోరెట్టి అరిస్తే నేనూ సైరన్నే.”

ఈ ఆగస్టులో కొత్త సైరన్ వచ్చింది. దాని పేరు మహాఘోష 130. ఎర్రటి బూర, దాని మీద బంగారు రంగు అక్షరాలు. దానిని తెచ్చిన శాఖ ఇంజనీరు మురళీమోహన్ ఫైలులో రెండు పేర్లనూ పక్కపక్కన రాయించి, కింద తేడా కూడా వేయించాడు.

“పాతది నూట పదిహేను, ఇది నూట ముప్పై. పదిహేను డెసిబెళ్ళు ఎక్కువ. ఇంక మీకు గ్రీజు బాధ కూడా ఉండదండి, కృపానందం గారూ.”

పాతదాని బరువు తొంభై నాలుగు కిలోలు. కొత్తదానిని కృపానందం ఒక్కడే చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. ఎక్కుతుండగానే ఆయనకు అనుమానం వచ్చింది. సాయంత్రం దానితో వచ్చిన పుస్తకాన్ని మొదటి పుట నుంచి చదివాడు. తొమ్మిదో పుటలో, పట్టిక కింద, చీమ తలంత అక్షరాలలో ఉంది: కొలత ఒక మీటరు వద్ద.

అంతటితో ఆగి ఉంటే ఆయన దానిని అజాగ్రత్త అనుకునేవాడు. కాని ఆయనకు పాత కాగితాలు పారేసే అలవాటు లేదు. అదే కంపెనీ నిరుడు పంపిన జాబితా బీరువాలో ఉంది. అందులో ఇదే బూర, ఇవే వాట్లు, మేకులకు ఇవే నాలుగు రంధ్రాలు. పేరు మాత్రం ఘోష 100-30. ముప్పై మీటర్ల దగ్గర వంద డెసిబెళ్ళు అని దాని అర్థం. ఒక మీటరు నుంచి ముప్పై మీటర్లకు వెళ్ళేసరికి శబ్దం దాదాపు ముప్పై డెసిబెళ్ళు పడిపోతుంది. అంటే కంపెనీ సైరన్‌లో ఒక్క మరను కూడా మార్చలేదు. కొలిచేవాడిని ముప్పై మీటర్ల నుంచి మీటరు దగ్గరకు జరిపి, పేరును పెంచింది. కొత్త పేరులో చట్టానికి దొరికే అబద్ధం ఒక్కటీ లేదు. ఆయనకు అసహ్యం పుట్టింది సరిగ్గా అందుకే. పాడైన రొయ్యను మంచు ముక్కల కింద పెట్టి అమ్మేవాడు కూడా, వాసన చూసి పట్టుకుంటారేమోనని భయపడతాడు. వీళ్ళకు ఆ భయం కూడా లేదు.

సైరన్ ఎవరి కోసమో వాళ్ళు గుల్లలపాలెంలో ఉన్నారు. సముద్రపు ఒడ్డున నలభై ఏడు చేపల వేటకారుల ఇళ్ళు. డాబా నుంచి దూరం వెయ్యి తొమ్మిది వందల ఇరవై మీటర్లు. తుపానులో మొదట పోయేవి ఫోను టవర్లే కాబట్టి, ఆ ఇళ్ళకు చివరిదాకా మిగిలేది ఈ మోత ఒక్కటే. దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెళ్ళు తీసివేయాలి. ముప్పై నుంచి అక్కడికి ఆరు రెట్టింపులు. పాత సైరన్ అక్కడికి డెబ్బై తొమ్మిదిగా చేరుతుంది. కొత్తది అరవై నాలుగుగా చేరుతుంది, అదీ ఎదురుగాలి లేకపోతే. మధ్యలో ఉన్నవన్నీ రొయ్యల చెరువులు. వాటిలో నీటిని చిలికే ఏరియేటర్ల మోత, కాలేజీ నుంచి అరువు తెచ్చిన శబ్దమాపకంతో ఆయన ఆ ఇళ్ళ దగ్గర నిలబడి కొలిస్తే, అరవై ఆరు. కొత్త సైరన్ కన్నా రెండు ఎక్కువ.

ఈ లెక్కను ఒక కాగితం మీద రాసి మురళీమోహన్‌కు పంపాడు. జవాబుగా ఫోను వచ్చింది.

“లెక్కలెందుకండీ, పరీక్ష పెడదాం. సోమవారం పదకొండింటికి మీరు కొత్తదాన్ని వెయ్యండి. నేను పాలెంలో వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కుంటాను. వినబడిందంటే మీరు సంతకం పెట్టెయ్యాలి. గురువారం పాతదాన్ని తుక్కుకి లారీ ఎక్కించేస్తారు.”

అమలాపురంలో కుర్చీలో కూర్చుని సముద్రపు ఒడ్డున వినికిడిని పరీక్షించడం అనే పద్ధతి మీద కృపానందానికి ఒక అభిప్రాయం ఉంది. దానిని ఆయన బయటికి అనలేదు. సోమవారం పదకొండింటికి స్విచ్చి వేశాడు. ఆరు నిమిషాల తరువాత ఫోను మోగింది.

“ముగ్గుర్ని అడిగేను. ముగ్గురూ ‘ఆయ్, వినబడిందండి’ అన్నారు. అచ్చమ్మ గారైతే బ్రహ్మాండం అన్నారు. ఇప్పుడేమంటారు?”

కృపానందం ఆ రోజంతా లెక్కను మళ్ళీ మళ్ళీ చేశాడు. అరవై నాలుగే వచ్చింది. భార్య ఝాన్సీ అది చూసి, “పోనీ, చెవులున్నోళ్ళే వినబడిందంటుంటే మీ బాధేంటండీ,” అంది.

“చెవులున్నోళ్ళు చెప్పేరా, మర్యాదున్నోళ్ళు చెప్పేరా అన్నది తెలియాలి,” అన్నాడు.

ప్రయోగశాలలో దీనికొక పద్ధతి ఉంది. కారణాన్ని తీసేసి, ఫలితం నిలుస్తుందేమో చూడాలి. “ఇంకొక్కసారి చూద్దామండి, ఈసారి వినబడితే సంతకం పెడతాను,” అని ఆయనే మురళీమోహన్‌ను అడిగాడు. బుధవారం పదకొండింటికి డాబా ఎక్కి, స్విచ్చి మీద చెయ్యి వేయకుండా, గడియారం చూస్తూ నిలబడ్డాడు. పదకొండూ ఏడుకు ఫోను.

“మళ్ళీ ముగ్గురూ వినబడిందన్నారు. ఈసారి మొన్నటికంటే గట్టిగా ఉందంట. సంతోషమేనా?”

“నేను స్విచ్చి వెయ్యలేదండి.”

మురళీమోహన్ గొంతు తగ్గించి, “ఈ మాట ఎక్కడా అనకండి,” అన్నాడు. “రేపు నేనే వస్తున్నాను. కాగితాలు తెస్తాను.”

ఆ మధ్యాహ్నం కృపానందం చెరువు గట్ల మీదుగా సైకిలు తొక్కుకుంటూ గుల్లలపాలెం వెళ్ళాడు. అచ్చమ్మ అక్కడి పొదుపు సంఘం నాయకురాలు. ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది.

“రండి మేస్టారు. కొబ్బరి బొండం తాగుతారా?”

“వద్దండి. పొద్దున్న సైరన్ వినబడిందన్నారంట?”

“ఆయ్.”

“నేను వెయ్యలేదు, అచ్చమ్మ గారూ.”

ఆమె చేతిలో చేప ఆగింది. “వెయ్యకుండా ఎలా అడిగేరండి?”

“అడిగేరు. మీరు చెప్పేరు.”

“అంత పెద్ద ఆఫీసరు గారు, అమ్మా అచ్చమ్మ గారూ బాగున్నారా, పిల్లలు బాగున్నారా అని అడిగి, మా సైరన్ వినబడిందా అమ్మా అంటే, లేదని మొహం మీద ఎలా అంటామండి. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కూర బాలేదంటామా?”

కృపానందానికి ఆ కంపెనీ మీద పుట్టిన అసహ్యానికి తీసిపోని అసహ్యం తన వాళ్ళ మర్యాద మీద పుట్టింది. ఇదే నోటితో తానూ పంతొమ్మిదేళ్ళుగా, శాఖ పంపిన ప్రతి చెత్తకూ ‘ఆయ్’ అంటూ వచ్చాడన్న సంగతి గుర్తొచ్చి, ఆ అసహ్యం ఇంకొంచెం లోపలికి దిగింది. ఆయన గొంతు పెంచలేదు.

“కూర బాగోకపోతే ఒక పూట పస్తు. ఇది అలాటిది కాదండి. రేపు పాతదాన్ని లారీ ఎక్కించేస్తారు. కొత్తది ఇక్కడికి వినబడదు. నవంబరులో గాలి లేస్తే, నేను అక్కడ స్విచ్చి వేసి, మీకు తెలిసిందనే అనుకుంటాను. మీరిక్కడ నిద్రపోతుంటారు.”

అచ్చమ్మ ఎండుచేపల వైపు చూస్తూ, “సోమవారం కూడా వినబళ్ళేదండి,” అంది నెమ్మదిగా. “మోగిందేమో, మేమే పరధ్యానంగా ఉన్నామేమో అనుకున్నాం.”

గురువారం ఉదయం లారీ వచ్చింది. పాత సైరన్‌ను నలుగురు మనుషులు తాళ్ళు కట్టి ఆవరణలోకి దించేశారు. మురళీమోహన్ బల్ల మీద కాగితాలు పరిచి, కలం మూత తీసి కృపానందానికి అందించాడు. అప్పుడు అచ్చమ్మ, వెనక ఇద్దరు ఆడవాళ్ళతో, గట్టు దిగి వచ్చి వరండాలో నిలబడింది.

“నమస్కారమండి. సైరన్ వినబళ్ళేదండి.”

మురళీమోహన్ నవ్వాడు. “మొన్న వినబడిందన్నారు కదమ్మా.”

“మొన్న తవరు అడిగేరండి. ఇవాళ నేనే చెప్తున్నానండి.”

“అంటే మొన్న అబద్ధం ఆడేరా?”

“ఆయ్,” అంది. “అబద్ధమేనండి. రాసుకోండి.”

రాసుకోక తప్పలేదు. ఆమె చెప్పింది కృపానందం ఒక తెల్లకాగితం మీద మాట మార్చకుండా రాశాడు. ముగ్గురూ కింద సంతకాలు చేశారు. అలాంటి కాగితం తన చేతికి వచ్చాక పాతదానిని తుక్కుకు పంపిన ఇంజనీరుగా మిగలడం మురళీమోహన్‌కు ఇష్టం లేదు. ఆయన తన ఫైలులో కొత్త వాక్యం రాసుకున్నాడు: ‘అత్యాధునిక మహాఘోష 130కి సహాయంగా, పాత సైరన్‌ను అదనపు పరికరంగా కొనసాగించడమైనది.’

కృపానందం ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. ఊరిని కాపాడేది అదనం అట, కాపాడలేనిది అత్యాధునికం అట. చేతికి ఏదో జిగురు అంటినట్టు కాగితాన్ని బల్ల మీద పెట్టేశాడు.

“ఇప్పుడైనా సంతకం పెడతారా?” అన్నాడు మురళీమోహన్.

“పాతది పైకెక్కనివ్వండి.”

నలుగురూ విసుక్కుంటూ తాళ్ళు మళ్ళీ కట్టారు. పన్నెండున్నరకు అది డాబా మీద తన దిమ్మె మీదికి చేరింది. కృపానందం మరలు బిగించి, బేరింగులో గ్రీజు పెట్టి, చక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పి చూశాడు. తరువాత ఎవరికీ ఫోను చేయకుండా, ఎవరినీ ఏమీ అడగకుండా, స్విచ్చి వేశాడు. నలభై సెకన్లు ఉంచి ఆపాడు.

మోత పూర్తిగా అణగక ముందే జేబులో ఫోను మోగింది. గుల్లలపాలెం నుంచి అచ్చమ్మ కోడలు.

“మేస్టారూ, ఏంటండీ అది, తుపానా? మా అత్తగారు ఇంకా ఇంటికి చేరలేదండి.”

“తుపాను కాదమ్మా. పరీక్ష.”

“చెప్పి వెయ్యాలి కదండీ. పొయ్యి మీద చారు వదిలేసి, పిల్లని చంకనేసుకుని గట్టు దాకా పరిగెత్తేను. ఇంత బుద్ధి లేకుండా వేస్తారాండీ ఎవరైనా.”

ఆమె ఇంకా తిడుతూనే ఉంది. కృపానందం డాబా గోడకు ఆనుకుని, ఫోను చెవికి ఆనించుకుని, చివరిదాకా విన్నాడు.